కాగితం ముక్క పరీక్ష

చిట్టితల్లికి,

మొన్న ఫోన్లో బాత్రూమ్ గొడవ చెబుతుంటే "మీటింగుంది నాన్నా" అని పెట్టేశావు. అందుకే ఉత్తరం.

నువ్వు ఇంటర్‌లో ఉండగా పెట్టించిన గీజర్ చివరికి కారడం మొదలెట్టింది. కొత్తది బిగించడానికొచ్చిన కుర్రాడు పాతదాన్ని కింద పెట్టి విప్పుతుంటే పక్కనే స్టూలేసుకుని కూర్చున్నాను. కాయిల్ చుట్టూ వేలెడు మందాన తెల్లటి సున్నం. స్క్రూడ్రైవర్‌తో తడితే పెంకులు పెంకులుగా రాలింది. అంతా మన బోరు నీళ్ల పుణ్యం! అంత సున్నం పేరుకుంటే వేడి నీళ్లలోకి పోక కాయిలే మాడిపోతుందట. గీజర్ కుతకుతమంటోందని మీ అమ్మ ఏడాదిగా చెబుతూనే ఉంది, నేనే వినలేదు. ట్యాంకుకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోయే మెగ్నీషియం కడ్డీ ఒకటి లోపల ఉంటుంది. మన దాంట్లో దాని నడుమ ఉండే ఇనుప తీగ మాత్రం మిగిలింది.

ఇంకో సిగ్గుచేటు సంగతి. 2000 వాట్ల గీజర్ 9 ఆంపియర్ల దాకా లాగుతుంది. దాన్ని నేను 6 ఆంపియర్ల సాకెట్‌కు కన్వర్టర్‌తో తగిలించి ఇన్నేళ్లు నడిపాను. ప్లగ్గు గోధుమ రంగుకు మాడింది. ఇప్పుడు బోర్డు నుంచి విడిగా వైరు లాగించి, 16 ఆంపియర్లది పెట్టించాను.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ కోసం మన బెంగళూరు మెట్రో కే.ఆర్.పురంలో ఎక్కి, మెజెస్టిక్‌లో మారి, చిక్కపేటలో దిగి, కరెంటు సామాన్ల కొట్లుండే బీవీకే అయ్యంగార్ రోడ్డుకు వెళ్లాను. రెండుసార్లు! మొదటిసారి కన్నం బదులు ఫ్రేము కొలిచాను మరి.

తీరా బిగిస్తే ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది, ఆవిరి మాత్రం కదలదు. కుర్రాడు పేపరు ముక్క చించి జాలీకి ఆనించాడు. తలుపు మూస్తే జారి పడింది, కాస్త తెరిస్తే టక్కున అతుక్కుంది. బొద్దింకలు రాకుండా పోయినేడు తలుపు కింద నేనే రబ్బరు పట్టీ అంటించాను కదా, అదీ సంగతి. లోపలికి గాలి రాకపోతే ఫ్యాన్ దేన్ని బయటికి తోస్తుంది? పట్టీ పీకేశాను. ఆ రాత్రే బొద్దింక వచ్చింది. మీ అమ్మ ఇంకా ముభావంగానే ఉంది.

ఇప్పుడు నీ సంగతి. పుణెలో మీ ఓనరు బాత్రూమ్‌లోనే గ్యాస్ గీజర్ పెట్టి, ఎగ్జాస్ట్ ఉందిగా అంటున్నాడన్నావు. ఆ మాట నమ్మకు. గాలి సరిగ్గా ఆడనిచోట గ్యాస్ మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. సిలిండర్ గ్యాస్‌కు వాసన కలుపుతారు కాబట్టి లీకైతే తెలుస్తుంది, దీనికి రంగూ లేదు, వాసనా లేదు. తల తిరిగేసరికి గడియ తీసే ఓపిక కూడా ఉండదు. పైగా గాలి వచ్చే దారి లేకుండా ఫ్యాన్ లాగితే గీజర్ పొగ బయటికి పోక గదిలోకే తిరగొచ్చు. గీజర్‌ను బాల్కనీలోకి మార్చమని ఓనర్‌ను గట్టిగా అడుగు. కాదంటే కరెంటుది నేను కొనిస్తాను. అందాకా తలుపు తీసే ఉంచి, బకెట్లు నింపుకుని, గీజర్ ఆపేసి, కాసేపాగి స్నానానికి వెళ్లు.

ఈ ఆదివారం కాగితం పెట్టి చూసి ఫోన్ చెయ్యి. మీటింగు లేనప్పుడు.

మీ నాన్న