టర్బో మార్పించే ముందు ఇది చదువు

ఒరేయ్ మామా,

నిన్న ఫోన్‌లో నీ గొంతు విన్నప్పటి నుంచీ మనసు అక్కడే ఉంది. కారు లాగట్లేదు, టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే పరికరం) పోయింది, మార్చాల్సిందే అని గ్యారేజ్ వాళ్ళు అన్నారన్నావు కదా, ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా వాళ్ళకి సరే అనకు. నా పాత డీజిల్ కారుకీ అచ్చం ఇదే జరిగింది. మెకానిక్ మాట నమ్మి టర్బో మార్పించాను, వారం తిరక్కుండానే మళ్ళీ అదే నీరసం. చివరికి చూస్తే, టర్బో నుంచి వచ్చే వేడిగాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ నుంచి ఇంజన్‌కి వెళ్ళే రబ్బరు గొట్టం కిందివైపు చీలి ఉంది. పైనుంచి ఎంత వంగి చూసినా కనబడదు, బండి ఆగి ఉన్నప్పుడు మూసుకునే ఉంటుంది, లోపల ప్రెషర్ పెరిగితేనే ఆ చీలిక విచ్చుకుంటుంది. ఏ జబ్బూ లేని టర్బోని తీసి పారేశానని నాకు ఇప్పటికీ బాధే.

ముందు నువ్వు గమనించాల్సింది పవర్ ఎలా పోతోందన్నది. ఎప్పుడూ ఒకేలా మందంగా ఉండి, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు బుస్సుమని శబ్దం, వెనక నల్లపొగ వస్తుంటే గాలి ఎక్కడో బయటికి పోతోందన్నమాట. అలా కాకుండా బాగా పరిగెడుతూ పరిగెడుతూ ఒక్కసారిగా చచ్చుబడిపోయి, ఇంజన్ ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే మామూలైపోతే అది లింప్ మోడ్, అంటే ఏదో తేడా పసిగట్టి ఇంజన్‌ని కాపాడడానికి కారు కంప్యూటరే పవర్ తగ్గించేయడం. స్కానర్ పెట్టించి ఆ కంప్యూటర్‌లో ఏ కోడ్ నమోదైందో చూడు. పీ0299 వస్తే బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ప్రెషర్) తక్కువ, పీ0234 వస్తే ఎక్కువ. ఎక్కువైనా కంప్యూటర్ పవర్ తగ్గించేస్తుంది, చాలామంది ఈ సంగతే మర్చిపోతారు. టర్బో లోపల కదిలే రెక్కలున్న డీజిల్ బండ్లలో మసి పట్టి అవి బిగుసుకుపోతే సరిగ్గా ఇలాగే అవుతుంది.

స్కానర్ చేతిలో ఉండగానే ఇంకోటి చూడు. తాళం ఆన్ చేసి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా మ్యాప్ సెన్సర్ (ఇంజన్‌లోకి వెళ్ళే గాలి ప్రెషర్‌ని కొలిచేది) రీడింగ్ చూస్తే బయటి గాలి ప్రెషరే కనబడాలి, సముద్రమట్టం దగ్గర అది సుమారు 100 కిలోపాస్కల్స్. ఎత్తైన చోట కొంత తగ్గుతుంది. దానికి పొంతన లేని అంకె వస్తే ముందు సెన్సర్‌నీ, దాని వైరింగ్‌నీ అనుమానించు.

ఇక గొట్టాలు. క్లాంపులన్నీ బిగించి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ప్రతి గొట్టం చుట్టూ చేత్తో తడుముతూ పో, బయటివైపు జిడ్డుగా నూనె తగిలితే అక్కడ ఆగు. గొట్టం లోపల పల్చగా నూనె ఉంటే కంగారుపడకు, అది మామూలే. దొరక్కపోతే టర్బో ఇన్‌లెట్ మూసి, బండి మామూలుగా చేసే బూస్ట్ మించకుండా నెమ్మదిగా గాలి పట్టించి సబ్బు నీళ్ళు చల్లమను, లేదంటే గొట్టాల్లోకి పొగ పంపి ఎక్కడ బయటికొస్తోందో చూసే స్మోక్ టెస్ట్ చేయించు. సన్నటి వాక్యూమ్ గొట్టాల్ని కూడా వదలకు, పాత బండిలో అవి ఎండి పగులుతాయి. రెక్కల్ని వాక్యూమ్‌తో కదిలించే డీజిల్ టర్బోలో అవి లీకైతే బూస్ట్ పడిపోతుంది, అదే పెట్రోల్ బండిలో వేస్ట్‌గేట్‌కి (బూస్ట్ ఎక్కువ కాకుండా పొగని టర్బో పక్కనుంచి పంపేసే తలుపు) ప్రెషర్ తీసుకెళ్ళే గొట్టం ఊడితే బూస్ట్ హద్దు దాటుతుంది.

ఇవన్నీ అయ్యాకే టర్బో జోలికి వెళ్ళు. ఇన్‌లెట్ గొట్టం తీసి షాఫ్ట్‌ని వేలితో కదిపి చూడు. పక్కలకి కొంచెం ఆడితే పర్వాలేదు, ముందుకీ వెనక్కీ ఆట తెలిస్తే, లేదా షాఫ్ట్ మీది రెక్కలు గోడకి రాసుకున్న గీతలుంటే అప్పుడు మార్చాల్సిందే. అలా మార్చాల్సి వస్తే మాత్రం ఆయిల్ వచ్చే పైపు కొత్తది వేయించు, ఆయిల్, ఫిల్టర్ మార్పించు. నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే షాఫ్ట్‌రా అది, పాత పైపు మసితో పూడుకుపోయి ఉంటే కొత్త టర్బో కూడా నూనె అందక పోతుంది.

రేపు పొద్దున ఇంజన్ వేడెక్కకముందే ఆ ఇంటర్‌కూలర్ గొట్టం కింద చెయ్యి పెట్టి చూడు. ఏం తగిలిందో ఫోటో తీసి పంపు, నేను మేలుకునే ఉంటాను.

నీ మామ