పాత స్టేషన్ గోడకు సిమెంటు పెట్టకండి

సంపాదకుడు గారికి,

మొన్న ఒక పనిమీద వెళ్తూ ఓ పల్లె రైల్వే స్టేషన్‌లో దిగాను. తిరుగు రైలుకు రెండు గంటలుంది. విసుగొస్తుందేమో అనుకున్నా గానీ, చూడడానికి ఆ రెండు గంటలూ చాల్లేదు.

రాతి గోడలు, పెంకుల కప్పు, ఎన్నో చేతులు తగిలి నున్నబడ్డ చెక్క బెంచీలు. టికెట్ కిటికీ లోపల అట్ట టికెట్ల అర, తేదీ కొట్టే ఇనుప యంత్రం అలాగే ఉన్నాయి. రైలు దిగగానే మనం పారేసిన ఆ అట్టముక్క కూడా పుట్టింది పల్లె స్టేషన్‌లోనే. 1830ల్లో ఇంగ్లండ్‌లోని మిల్టన్ స్టేషన్‌లో పనిచేసిన థామస్ ఎడ్మండ్‌సన్ టికెట్లు చేత్తో రాసివ్వడం మాని, ముందే వరుస నంబర్లు వేసిన అట్టముక్కలు తయారుచేశాడు. ఎన్ని అమ్మారో, ఎంత డబ్బు రావాలో నంబరే చెబుతుంది.

స్టేషన్ మాస్టారి గదిలో టోకెన్ యంత్రం ఉంది. రెండు వైపుల రైళ్లూ నడిచే ఒంటి లైను మీద ఒక చివర టోకెన్ (బండి వెళ్లొచ్చని డ్రైవరుకిచ్చే గుర్తు బిళ్ల) తీస్తే, అది తిరిగి యంత్రంలో పడేదాకా ఏ చివరా రెండోది రాదు. టోకెన్ చేతికందందే డ్రైవరు బండి కదపడు. 1874లో ఇంగ్లండ్‌లోని థోర్ప్ దగ్గర రెండు రైళ్లు ఎదురెదురుగా ఢీకొన్నాక, 1878లో ఎడ్వర్డ్ టైయర్ చేసిన ఏర్పాటు ఇది. ఇక్కడి యంత్రం ఇప్పుడు వాడకంలో లేదు, గంట మాత్రం మోగుతుంది. (అడిగి మరీ మోగించుకున్నాను.)

అసలు ఈ ఉత్తరం గోడల గురించి. డంగు సున్నంతో కట్టిన పాత గోడ తడిని పీల్చుకుని మళ్లీ వదిలేస్తుంది. రాళ్ల సందుల్లో సిమెంటు కూరితే ఆ దారి మూసుకుపోతుంది. తడి రాతిలోకి, ఇటుకలోకి మళ్లి పెచ్చులూడతాయి. ఈ స్టేషన్‌లో సందులు సున్నంతోనే పూస్తున్నారు, వానలకు ముందు కప్పు అంచు గొట్టాల్లో ఆకులు తీసేస్తున్నారు. వాళ్లు చేసింది అంతే. నేను చూసిన మరో పాత స్టేషన్‌కు ఆధునీకరణ పేరుతో సిమెంటు పూసి, పైన నిగనిగలాడే రంగు వేశారు. మోకాలి ఎత్తు వరకు గోడ ఇప్పుడే పొడిపొడిగా రాలుతోంది. అక్కడ సిగ్నళ్లు మార్చే ఇనుప లివర్లు పాత ఇనుము కింద పోయాయట.

ఇంగ్లండ్‌లో పాతకాలపు రైళ్లను కాపాడి నడిపే బ్లూబెల్ రైల్వేలో షెఫీల్డ్ పార్క్ స్టేషన్‌ను 1880ల నాటిలా, హార్‌స్టెడ్ కీన్స్‌ను 1930ల నాటిలా ఉంచారు. ఏ కాలంలా ఉంచాలో ముందే తేల్చుకుంటే, ఏది తీయాలో ఏది ఉంచాలో పనివాళ్లకు తెలుస్తుంది.

సున్నం పని నిదానం, తెలిసిన మేస్త్రీలూ తక్కువే, ఒప్పుకుంటాను. అయినా పాత స్టేషన్ల మరమ్మతు టెండర్లలో సందులు సున్నంతోనే పూయాలని, పాత సామాను జాబితా రాసిన తర్వాతే దేన్నైనా కదపాలని రెండు షరతులు చేర్చాలని రైల్వే అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు