జాజ్ నేర్చిన కుర్రాళ్లకు విజయనగరంలో వేదిక ఏది?

సంపాదకుల వారికి,

నమస్కారాలు. విజయనగరంలో గిటారు, కీబోర్డు, డ్రమ్స్ నేర్పే ట్యూషన్లు కంటోన్మెంటు నుంచి రింగురోడ్డు దాకా ఇప్పుడు చాలాచోట్ల కనిపిస్తున్నాయి. లండన్ ట్రినిటీ కాలేజీ గ్రేడు పరీక్షలకు కట్టి ప్యాసవుతున్న పిల్లలున్నారు. అక్కడితో ఆగకుండా అమెరికాలో పుట్టిన జాజ్ సంగీతం వైపు మళ్లి, నలుగురైదుగురు జట్టు కట్టి సాధన చేస్తున్న డిగ్రీ, ఇంజినీరింగ్ విద్యార్థులూ ఉన్నారు. అయితే వాళ్లు నేర్చుకున్నది పదిమంది ముందు కూర్చుని వాయించడానికి ఊళ్లో ఒక్క చోటు లేదు. వాయించాలన్నా, మంచి వాద్యకారులను ఎదురుగా వినాలన్నా సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని విశాఖపట్నం వెళ్లాలి. అక్కడైనా అవి ఎక్కువగా హోటళ్లలో రాత్రిపూట జరిగే కార్యక్రమాలు కావడంతో, తిరుగు బస్సు అందుకోవలసిన విద్యార్థి సగంలోనే లేచి రావలసి వస్తోంది. ఈ సంగతి నగరపాలక సంస్థ, సంగీత కళాశాల, ఉత్సవ నిర్వాహకుల దృష్టికి తేవాలని మీ పత్రిక ద్వారా ఈ లేఖ రాస్తున్నాను.

ఈమధ్య అయ్యకోనేరు దగ్గర ఒక దుకాణం మేడమీది గదిలో అలాంటి జట్టొకటి సాధన చేస్తుంటే కూర్చుని విన్నాను. ఇరుగుపొరుగు గొడవకు రాకుండా కిటికీలకు పాత బొంతలు కట్టారు. డ్రమ్ముల కుర్రాడు కర్రలు పక్కనపెట్టి, సన్నని తీగల బ్రష్షులతో చర్మం మీద రాస్తున్నట్టుగా వాయిస్తున్నాడు. శాక్సఫోన్ కుర్రాడు ఊదేచోట బిగించే సన్నని బద్ద, రీడును నోట్లో తడిపి, బిగించి, పాట ఎత్తుకునేసరికే ఆ గది ఉక్కకు అందరి చొక్కాలూ తడిసిపోయాయి. లయ రెండుచోట్ల జారిన మాట నిజమే, కీబోర్డు ఒకచోట మరీ ముందుకు పరుగెత్తిన మాటా నిజమే. కాని ఒకరు వాయిస్తున్నంతసేపూ మిగిలినవారు తగ్గి, చెవి ఒగ్గి వినే మర్యాద వాళ్లకు అప్పుడే అలవడింది. మన పెద్ద సభల్లో పక్కవాద్యాల దగ్గర ఆ మర్యాద ఒక్కోసారి వెతుక్కోవలసి వస్తుంది.

జాజ్ అంటే పెద్ద హోటళ్లలో డబ్బున్నవాళ్లు వినే సంగీతమని మనలో చాలామంది అభిప్రాయం. అది పుట్టిన తీరు చూస్తే ఈ అభిప్రాయం నిలవదు. అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరంలో నల్లజాతివారి వీధి బ్యాండ్లు శవయాత్రలో శ్మశానం దాకా భక్తిగీతాలను నెమ్మదిగా వాయించి, తిరిగివచ్చేటప్పుడు హుషారైన పాటలు అందుకునేవి. ఆ బ్యాండ్ల ట్రంపెట్టు, క్లారినెట్టు, డ్రమ్ములే జాజ్‌కు తొలి వాద్యాలు. 1901లో అక్కడి పేదవాడలో పుట్టి తర్వాత జాజ్‌లో ప్రఖ్యాతుడైన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ చిన్నతనంలో బాలల సంస్కరణాలయంలో ఉండగా అక్కడి బ్యాండులోనే ట్రంపెట్టు లాంటి కార్నెట్ సాధన చేశాడు. మన ఉత్తరాంధ్ర పెళ్లి ఊరేగింపుల్లో, అమ్మవారి పండగల్లో వాయించే బ్యాండు మేళాల చేతుల్లో ఉన్నవీ దాదాపు ఆ వాద్యాలే. ఇప్పుడు ఊరేగింపులను డీజే వాహనాలు ఆక్రమించుకోవడంతో, పాతికేళ్లుగా శాక్సఫోన్ ఊదుతున్న మేళగాళ్లు కూలిపనులకు పోతున్నారు. ఏ పాటనైనా ఒకసారి విని, నడుస్తూనే, చుట్టూ అంత గోలలోనూ శ్రుతి తప్పకుండా పలికించగల ఆ పెద్దలు ఒకవైపు, కార్డులూ (కలిపి మోగించే స్వరాల గుంపులు), స్కేళ్లూ (స్వరాల వరుసలు) కంఠతా వచ్చినా నలుగురిలో వాయించడం అలవాటు లేని ఈ కుర్రాళ్లు ఇంకొకవైపు, ఒకే ఊళ్లో ఉండి కూడా ఒకరికొకరు ఎదురుపడకుండా ఉన్నారు. నన్ను ఈ లేఖకు పురిగొల్పింది ముఖ్యంగా ఈ విషయమే.

జాజ్‌లో పాట మొదటి వరుసను అందరూ కలిసి వాయించాక, దాని కింద నడిచే కార్డుల వరుస మళ్లీ మళ్లీ తిరుగుతూ ఉంటుంది. జాజ్‌కు దగ్గరి చుట్టమైన బ్లూస్ పద్ధతిలో సాధారణంగా ఆ ఆవర్తం 12 బార్లు (లయను సమానంగా విడగొట్టే భాగాలు), అందులో ముఖ్యమైన కార్డులు మూడే. ఆ ఆవర్తం తిరుగుతుండగా ఒక్కొక్కరు తమ వంతు వచ్చినప్పుడు అప్పటికప్పుడు కల్పించి వాయిస్తారు, డ్రమ్ములకూ తమ వంతు ఉంటుంది. కచేరీల్లో అప్పటికప్పుడు అల్లే కల్పన స్వరాలు, మృదంగం ఒంటరిగా వాయించే తని ఆవర్తనం విని పెరిగిన మన ఊరి శ్రోతకు ఇది పట్టుబడడానికి ఎంతోసేపు పట్టదు. అయితే ఈ విద్య ఫోనులో వీడియోలు చూస్తే సగమే వస్తుంది. ఫోనులో మోగే ట్రాకు, అంటే ముందే రికార్డు చేసిన వాద్యసహకారం, మనం తప్పితే ఆగదు, మనం బాగా వాయిస్తే పుంజుకోదు. ఎదురుగా ఉన్న మనిషి ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నాడో గమనించి, ఆ ఖాళీలో రెండు స్వరాలు వేసి తప్పుకోవడం తోటివారితో కూర్చుని వాయిస్తేనే వస్తుంది.

శాస్త్రీయ సంగీతానికి పేరుపడ్డ ఊళ్లో ఈ పాశ్చాత్యపు గొడవ దేనికని పెద్దలు కొందరు అంటున్నారు. వారి మీద గౌరవంతోనే ఒక మాట చెబుతాను. జాజ్ తొలి గ్రామఫోను రికార్డు 1917లో వచ్చింది, మన సంగీత కళాశాల 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు అధ్యక్షులుగా మొదలైంది. ఆ ఏడే అక్కడ వాయులీనం (వయొలిన్) బోధించడానికి చేరి, 1936లో ప్రిన్సిపాల్ అయిన ద్వారం వెంకటస్వామినాయుడు గారు దేశమంతా పేరు తెచ్చుకున్నది యూరప్ నుంచి వచ్చిన వాద్యంతోనే. ఘంటసాల, పి. సుశీల చదివిన ఆ కళాశాలకు ఒక శాక్సఫోన్ వల్ల వచ్చే ముప్పేమీ ఉండదు. కద్రి గోపాలనాథ్ గారు శాక్సఫోన్‌ను కర్ణాటక సంగీతంలోకి తెచ్చి కచేరీలు చేశారు, 1980లో బొంబాయి జాజ్ ఉత్సవంలో అమెరికన్ జాజ్ విద్వాంసుడు జాన్ హ్యాండీతో కలిసి వాయించారు. మన పాలకొల్లు బిడ్డ మాండలిన్ శ్రీనివాస్ 1983లో, పట్టుమని పదిహేనేళ్లు నిండకముందే, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో కర్ణాటక సంగీతమే వాయించి అక్కడి శ్రోతల మెప్పు పొందాడు. జాజ్‌తో కలిసి కూర్చున్నందువల్ల ఆ ఇద్దరి రాగభావానికీ లోటు వచ్చిందని ఎవరూ అనలేదు.

చప్పుడు గురించి వచ్చే అభ్యంతరాన్ని మాత్రం కొట్టిపారేయలేను. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదు, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు బయట లౌడ్‌స్పీకర్లకు అనుమతి లేదు. ఆ నియమాలు ఉండవలసినవే. చిన్న హాల్లో సాయంత్రం ఆరున్నరకు మొదలుపెట్టి తొమ్మిదిలోపు ముగించే జాజ్ కచేరీకి పెద్ద స్పీకర్లతో పనే ఉండదు. అర్ధరాత్రి దాకా కిటికీ అద్దాలు అదిరేలా మోగించే పెళ్లి డీజేలను సహిస్తున్న మనం వీళ్లను కాదనడం న్యాయం అనిపించదు.

ఇక నా విన్నపం. నెలకొక సాయంత్రం, నగరపాలక సంస్థ అధీనంలోని చిన్న హాలు ఏదైనా నామమాత్రపు అద్దెకు ఈ జట్లకు ఇవ్వాలి. టికెట్టు పెట్టాలా వద్దా అన్నది వాళ్లకే వదిలేయవచ్చు. సంగీత కళాశాల వారు వేసవి సెలవుల్లో బ్యాండు మేళాల్లోని అనుభవజ్ఞులను పిలిచి, గౌరవవేతనం ఇచ్చి, శాక్సఫోన్, క్లారినెట్టు, ట్రంపెట్టు నేర్పే తరగతులు పెడితే ఇటు పిల్లలకు విద్య, అటు ఆ కుటుంబాలకు కొంత ఆసరా దొరుకుతాయి. చేతిలో సర్టిఫికెట్టు లేదని ఆ పెద్దలను గేటు దగ్గరే ఆపకూడదని ప్రత్యేకంగా మనవి. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజుల్లో జరిగే సాంస్కృతిక కార్యక్రమాల్లో బయటి ఆర్కెస్ట్రాలకు గంటలకు గంటలు కేటాయించేటప్పుడు, స్థానిక జట్లకు కనీసం ఒక అరగంట ఇచ్చి, దానికి పారితోషికం కూడా చెల్లించాలి. ఒకచోట నిర్వాహకులు ఈ కుర్రాళ్లను పిలిచి, చివరి నిమిషంలో ట్రాకు పెట్టి ఊరికే వాయిస్తున్నట్టు నిలబడమన్నారట. వాళ్లు ఒప్పుకోక వాద్యాలు సర్దుకుని వచ్చేశారు, మంచిపని చేశారు.

దరఖాస్తు ఎవరికి ఇవ్వాలో, ఏ హాలు ఏ వారం ఖాళీగా ఉంటుందో, అద్దె ఎంతో అధికారులు ప్రకటిస్తే చాలు. మోటారుసైకిల్ మీద యాంప్లిఫయరు తెచ్చుకోవడం దగ్గర నుంచి కార్యక్రమం అయ్యాక కుర్చీలు సర్దడం దాకా మిగతా పని ఆ కుర్రాళ్లే చూసుకుంటామంటున్నారు.

ఇట్లు,
ఒక సంగీతాభిమాని,
విజయనగరం