మన తెలుగు బడి వార్తాలేఖ: పిల్లల్ని మ్యూజియానికి ఎందుకు తీసుకెళ్లామంటే

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన శనివారం పిల్లల్ని ఇక్కడ ఇంగ్లండులో మన ఊరు హిచిన్‌లోనే ఉన్న బ్రిటిష్ స్కూల్స్ మ్యూజియానికి తీసుకెళ్లాం. అప్పటినుంచి వాట్సాప్ గ్రూపు వేడెక్కింది. "వారానికి ఉండేదే రెండు గంటలు, అందులో ఇంగ్లీషువాళ్ల పాత బడి చూపించడం దేనికి?" అని నలుగురైదుగురు అడిగారు. అడగడంలో తప్పులేదు. గ్రూపులో రెండు ముక్కల్లో తేలే జవాబు కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా, ఫీజు బాకీ ఉన్నవాళ్లు ఈ వారంలో కట్టేయండి, హాఫ్ టర్మ్ (టర్మ్ మధ్య సెలవుల) శనివారం బడి లేదు, స్నాక్స్‌లో పల్లీలు, జీడిపప్పు పెట్టకండి.

ఆ మ్యూజియంలో 1837లో కట్టిన పెద్ద గది ఒకటుంది. 300 మంది మగపిల్లలకు ఒక్కరే మాస్టారు. పెద్ద పిల్లలే మానిటర్లుగా చిన్నవాళ్లకు పాఠం చెప్పేవారు. జోసెఫ్ లాంకాస్టర్ అనే లండన్ మాస్టారి పేరు మీద దీన్ని లాంకాస్టర్ పద్ధతి అంటారు. ఆ పద్ధతిలో చిన్నపిల్లలు మొదట ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. ఇలా ఇసుకలో దిద్దించే పద్ధతి ఎక్కడినుంచి వచ్చిందో తెలుసా? చెన్నపట్నం నుంచి! ఎగ్మోర్‌లో సైనికుల అనాథ పిల్లల బడి చూసుకునే ఆండ్రూ బెల్, ఒక రోజు గుర్రం మీద వెళ్తూ ఒక వీధిబడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూశాడు. తన బడిలోనూ అలాగే నేర్పిద్దామంటే పంతులు కుదరదన్నాడు. దాంతో 8 ఏళ్ల కుర్రాడికి ఆ తరగతి అప్పజెప్పాడు, వాడు నేర్పించి చూపించాడు. 1797లో బెల్ ఈ సంగతులన్నీ లండన్‌లో అచ్చు వేయించాడు. లాంకాస్టర్ ఆ పుస్తకం చదివాడు. ఇసుకలో దిద్దడం, గుంట ఓనమాలు మన తాతముత్తాతల చదువు. అలాంటి వీధిబడి చదువు సముద్రం దాటి వచ్చి, ఇంగ్లండులో బీదపిల్లలకు అక్షరాలు నేర్పింది. ఈ మాట మన పిల్లలకు ఆ గదిలోనే నిలబెట్టి చెప్పాలనిపించింది. మళ్లీ అవకాశం వస్తే మళ్లీ తీసుకెళ్తాను.

గైడ్ గారు ఇసుక గురించి చెప్తుంటే రెండో తరగతి పాప చెయ్యెత్తి, "మా తాతయ్య కూడా ఇలాగే నేర్చుకున్నారు" అంది. ఆవిడ రాసి చూపించమంటే 'అ' నుంచి 'ఋ' దాకా ఒక్క తప్పు లేకుండా రాసింది. నాలుగో తరగతి కవలలైతే గైడ్ గారి మాటలన్నీ చిన్నవాళ్లకు తెలుగులో చెప్పారు. చెప్పమని నేను అనలేదు, టీచర్లూ అనలేదు. ఆ మధ్యాహ్నమంతా నాకు ఆ ముగ్గురే కళ్లముందు మెదిలారు.

ఆ పాప రోజూ తాతయ్యతో తెలుగులో మాట్లాడుతుంది. మిగతా ఇళ్ల గురించే నా దిగులు. హోంవర్కులో 'అమ్మ' అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పంపుతున్నారు. కొన్ని పుస్తకాల్లో అక్షరాలు మరీ గుండ్రంగా, ముచ్చటగా ఉంటున్నాయి. అమ్మల దస్తూరి నేను గుర్తుపట్టగలను. దయచేసి మీరు రాయకండి, వంకరగానైనా పిల్లల్నే రాయనివ్వండి.

ఉద్యోగాలకు రోజూ లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్‌కు వెళ్లొచ్చే రైళ్ల టెన్షన్ నాకు తెలియనిది కాదు, నేనూ పదేళ్లు తిరిగాను. 1850లో ఈ ఊరికి రైలు వచ్చింది కాబట్టే మనమూ ఇక్కడ ఇళ్లు తీసుకున్నాం. అంతకుముందూ, ఆ తర్వాత చాలాకాలమూ ఈ చుట్టుపక్కల తల్లులూ పిల్లలూ దగ్గర్లోని లూటన్ ఊళ్లో తయారయ్యే టోపీల కోసం గడ్డి జడలు అల్లి మార్కెట్లో అమ్ముకునేవారు. ఆ పనికే పొద్దు సరిపోయి ఎంతోమంది పిల్లలు బడికి దూరమయ్యారు. మన పిల్లలకు అలాంటి కష్టం లేదు. రాత్రి అన్నం తినేటప్పుడు ఫోన్లు పక్కన పెట్టి పది నిమిషాలు తెలుగులో మాట్లాడమనే కదా అడుగుతున్నాను. అలాగే శనివారం మార్కెట్లో కూరగాయలు కొనుక్కోండి, కాఫీ తాగండి, కానీ పన్నెండింటికల్లా వచ్చి పిల్లల్ని తీసుకెళ్లండి. మన టీచర్లకూ ఇళ్లున్నాయి.

వచ్చే వారం ఒకటి, రెండు తరగతులకు ఇసుక పళ్లాలు పెడుతున్నాం. ఇండియా నుంచి అమ్మమ్మలు, తాతయ్యలు వచ్చి ఉంటే తప్పకుండా వెంటబెట్టుకు రండి, వాళ్లచేతే దిద్దిద్దాం. పిల్లలకు పాత బట్టలు వేసి పంపండి.

మీ ప్రధానోపాధ్యాయురాలు