రోగి ఫోటో స్టేటస్‌లో ఎందుకు?

సంపాదకులకు నమస్కారం. మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. ఇక్కడి తెలుగువాళ్లకి ఇప్పుడు వాట్సాప్ గ్రూపే రచ్చబండ, పాతపట్నం వెళ్లే ఆటోల దగ్గర్నుంచి శ్రీకాకుళంలో మంచి డాక్టరు ఎవరనే దాకా అన్నీ అక్కడే అడుగుతారు. అందులో తప్పేం లేదు, చాలామందికి అక్కరకొస్తోంది కూడా.

నా బాధల్లా చదువుకున్న వృత్తులవాళ్ల గురించే. ఈమధ్య ఒక క్లినిక్ వాళ్లు కాన్పయిన అమ్మాయి ఫోటో, పక్కన బిడ్డ, కింద పేరూ వయసూ స్పష్టంగా కనబడే స్కానింగ్ రిపోర్టు స్టేటస్‌లో పెట్టారు. ఎవరో స్క్రీన్‌షాట్ తీశారు, సాయంత్రానికి ఊరంతా తిరిగింది. మంచం మీద లేవలేని మనిషిని ఒక్క మాట అడిగారా అంటే లేదు, ఇంట్లోవాళ్లకి పక్కింటివాళ్లు చూపిస్తేగానీ తెలియలేదు.

రోగి అనుమతి లేకుండా, మనిషి ఎవరో తెలిసిపోయేలా ఫోటోలు ఏ పత్రికలోనూ వేయకూడదని 2002 నాటి వైద్యుల నియమావళిలోనే ఉంది. పత్రికకే ఆ కట్టడి ఉంటే 1024 మంది దాకా చేరగలిగే గ్రూపుకి ఉండొద్దా? లాయర్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదని బార్ కౌన్సిల్ 36వ నిబంధన చెబుతోంది, అయినా ఫేస్‌బుక్‌లో చూస్తూనే ఉన్నాం.

గ్రూపులో ఎవరు పెట్టిన మెసేజైనా అందరికీ కనబడకుండా తీసేసే వీలు అడ్మిన్‌కి ఉంది. అడ్మిన్లు మొహమాటపడకుండా ఇలాంటివి వెంటనే తీసేయాలి. డాక్టర్లు కూడా ఈ విషయం మీద మీ పత్రికలో రాస్తే బాగుంటుంది.

– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి