స్వయం సమృద్ధిలో చెప్పని సగం లెక్క

జనానికి దూరంగా కొంత భూమి కొనుక్కుని, తిండి, నీళ్లు, కరెంటు సొంతంగా సమకూర్చుకుని ‘ఎవరి మీదా ఆధారపడకుండా’ బతుకుతున్న కుటుంబాల గురించి పత్రికల్లో వచ్చే కథనాలు సగం లెక్కే చెబుతున్నాయి. పండించుకు తినడం, వాన నీళ్లు పట్టుకోవడం మెచ్చుకోదగ్గ పనులే, అందులో పేచీ లేదు. కానీ అలాంటి ఇళ్లు కొన్ని దగ్గరగా చూశాను. కప్పు మీది సోలార్ పలకలు, ఇన్వర్టరు, ఎప్పటికైనా మార్చక తప్పని బ్యాటరీ, చేతిలోని గడ్డపార, ఆఖరికి ఉప్పు కూడా బయటి నుంచి వచ్చినవే. ధనుర్వాతం క్రిములు మట్టిలోనే ఉంటాయి, దాని టీకా మాత్రం ఫ్యాక్టరీ నుంచి రావాలి. అమెరికాలో సాగు చేసుకునే కుటుంబాలకు భూమి పంచిన 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాల దాకా పొందిన కుటుంబాలు సైతం ప్రభుత్వం ఇచ్చిన భూమి మీదే నిలదొక్కుకున్నాయి (అదీ అక్కడి మూలవాసుల నుంచి తీసుకున్నది!). ఇక నీళ్ల సంగతి మరీ ముఖ్యం. భూమికి కంచె వేయొచ్చు గానీ భూగర్భ జలానికి వేయలేం. ఒకరు బోరు లోతుగా దించి అదేపనిగా తోడితే పక్కవాళ్ల బావి ఎండిపోవచ్చు, ‘నా భూమి, నా ఇష్టం’ అంటే అక్కడ కుదరదు. కాబట్టి బోరు వేసే ముందు ఇరుగుపొరుగుకు చెప్పి, స్థానిక సంస్థలో నమోదు చేయించడం తప్పనిసరి చేయాలి. ఇంటికో యంత్రం కొనే బదులు పెద్ద పనిముట్లు, విత్తనాలు పంచుకునే సహకార సంఘాలకు ఆ సంస్థలే చోటివ్వాలి. పత్రికలు కూడా ఇకపై ఆ కుటుంబాలు ఏమేం బయట కొంటున్నాయో, ప్రసవానికి, పిల్లల చదువుకు ఎక్కడికి వెళ్తున్నాయో అడిగి మరీ రాయాలి.