షికాగో నుంచి నాయినకు

నాయినా,

నువ్వు, అమ్మ బాగున్నారనుకుంటాను. మన మోటార్ వైండింగ్ షాపు సామాను తీసేస్తున్నావని తమ్ముడు చెప్పాడు. ఆ సంగతి చివర్లో రాస్తాను. నిన్న ఒక చోటికి వెళ్లాను, అక్కడున్నంతసేపూ నువ్వే గుర్తొచ్చావు.

ఇక్కడ పిన్‌బాల్ అని ఒక ఆట ఉంది. ఏటవాలు పెట్టె, పైన అద్దం, లోపల ఉక్కు గోలీ. అది కిందికి జారిపోకుండా బటన్లు నొక్కితే చిన్న రెక్కలు పైకి కొడతాయి. వాటిని ఫ్లిప్పర్లు అంటారు. పావు డాలర్ బిళ్ల వేస్తే ఆడే మిషన్లు. పాతవి సేకరించేవాళ్లంతా ఒక హోటల్ హాల్లో వాటిని వరసగా పెట్టారు. టికెట్ కొని లోపలికి వెళితే బిళ్ల లేకుండానే ఎంతసేపైనా ఆడుకోవచ్చు. ఆ గంటల మోత, ఆ లైట్లు చూస్తే కురుమూర్తి జాతరే!

గాట్లీబ్, బాలీ, విలియమ్స్ కంపెనీలు ఈ ఊళ్లోనే వీటిని తయారుచేశాయి. మొదట్లో ఫ్లిప్పర్లు లేవు, గోలీ ఎటు పోతే అటే. జూదమని న్యూయార్క్‌లో 1942లో నిషేధిస్తే 1976 దాకా ఎత్తేయలేదు. 1947లో గాట్లీబ్ వాళ్ల హంప్టీ డంప్టీ మిషన్‌కు ఆరు ఫ్లిప్పర్లు పెట్టారు. అప్పటినుంచి ఇది చేతి నేర్పు ఆట అయింది.

అసలు సంగతి ఆ బోర్డు కింద ఉంది. 1960ల నాటి మిషన్ ఒకటి తెచ్చిన పెద్దాయన అద్దం తీసి బోర్డు పైకెత్తాడు. చిప్ అన్నదే లేదు. అన్నీ రిలేలు (కరెంటుతో కదిలే స్విచ్‌లు), కాయిల్స్ (తీగ చుట్టలు), మూరల కొద్దీ వైర్లు. ఒక ఫ్లిప్పర్ కొట్టడం లేదట. వంగి చూడగానే కాలిన వార్నిష్ వాసన. నాయినా, అది జడ్చర్లలో మన షాపు వాసన! ఎండాకాలం లో-ఓల్టేజికి కాలిన బోరు మోటార్లను రైతులు ట్రాక్టర్లలో వేసుకొచ్చినప్పుడు వచ్చే వాసన.

ఫ్లిప్పర్‌ను కొట్టించే కాయిల్‌లో రెండు వైండింగులు, అంటే రెండు తీగ చుట్లు ఉంటాయి. లావు తీగది గట్టిగా కొట్టడానికి, సన్న తీగది బటన్ నొక్కి పట్టినంతసేపు రెక్కను పైనే నిలపడానికి. రెక్క పైకి లేవగానే చిన్న స్విచ్ విడిపోయి కరెంటు సన్న తీగ గుండా కూడా పోవాలి. విడిపోకపోతే లావు తీగ కాలిపోతుంది. సింగిల్ ఫేజ్ మోటార్‌లో వేగం అందుకోగానే విడిపోవాల్సిన సెంట్రిఫ్యూగల్ స్విచ్ అతుక్కుంటే స్టార్టింగ్ వైండింగ్ కాలినట్టే కదా!

ఆయన కొత్త కాయిల్ బిగించబోతుంటే ఆపాను. "కొత్తది చుట్టేముందు పాతది ఎందుకు కాలిందో చూడరా" అని నువ్వు ఎన్నిసార్లు తిట్టలేదు? స్విచ్ చూశాం. పాయింట్లు అతుక్కుపోయి ఉన్నాయి. అవి సరిచేసి కాయిల్ మారిస్తే ఫ్లిప్పర్ టప్పున కొట్టింది. ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. మా నాయిన మోటార్ వైండింగ్ చేస్తాడని చెప్పాను. ఎంత గర్వంగా చెప్పానో నువ్వు చూడాల్సింది.

కాలిన కాయిల్ నాకే ఇచ్చాడు. రాత్రి కూర్చుని విప్పుతూ చుట్లు లెక్కబెడుతున్నాను, రెండుసార్లు లెక్క తప్పింది. సంక్రాంతికి తెస్తాను. ఇద్దరం కలిసి చుడదాం. మిగతా సామాను ఎవరికైనా ఇచ్చెయ్యి గానీ, ఆ చేతి వైండింగ్ మిషన్, తీగ మందం కొలిచే గేజ్ మాత్రం ఇవ్వకు.

నీ పెద్దకొడుకు